ముట్టుకోవద్దన్న డ్రైవర్

2005. పంజాగుట్టలో చీరల దుకాణం పైన, మూడో అంతస్తులో మా ఆఫీసు. మరమగ్గాలకు బిగించే ఒక చిన్న పెట్టె తయారుచేసేవాళ్లం. దారం తెగగానే అది మగ్గాన్ని ఆపేస్తుంది. పెట్టెలో ఉండేది మైక్రోకంట్రోలర్, అంటే టైమరు, సీరియల్ పోర్టు లాంటివన్నీ తన లోపలే ఉన్న ప్రాసెసర్. ఆ భాగాలను పెరిఫెరల్స్ అంటారు; చిప్ లోపల ఒక్కోదానికి ఒక్కో అడ్రస్ ఉంటుంది. వాటిచేత పని చేయించే ప్రోగ్రామే డ్రైవర్. దాన్ని రాసింది నేనే.

ఆ ఏడు మేం వాడే చిప్ తయారీ ఆగిపోయింది. అదే కంపెనీ కొత్త చిప్‌కి మారాల్సి వచ్చింది. ఆ పని ప్రొబేషన్‌లో ఉన్న శ్రీలతకు ఇచ్చాను. నాకేం బెంగ లేదు. ఆదివారాలు అమీర్‌పేటలో ఎంబెడెడ్ కోర్సు చెబుతూ, "అడ్రస్‌లన్నీ ఒక్క హెడర్ ఫైల్లో పెట్టండి. చిప్ మారితే ఆ ఫైలు మార్చండి. డ్రైవర్‌ని ముట్టుకోవద్దు. పోర్టబుల్ కోడ్ అంటే అదే" అని ప్రతి బ్యాచికీ నోట్స్ రాయించిన మహానుభావుణ్ని నేను.

కొత్త పెట్టెలు వెళ్లిన మూడో రోజు నుంచీ ఫోన్లు. చేసేది సిరిసిల్ల నుంచి సత్తయ్య గారు, మా పెట్టెలు తీసుకెళ్లి మగ్గాలకు బిగించే ఆయన.

"సార్, దారం తెగంగనె ఆగుతుంది. ముడేసి మల్ల నడుపుదామంటె నడుస్తలేదు."

"ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి."

"చేస్తె నడుస్తుంది. దినాం ఎన్నిసార్లు తెగుతదో మీకెర్కనా? తెగినప్పుడల్లా ఆఫ్ చేసుకుంట కూసోవాల్నా?"

వైరింగ్ చూసుకోమన్నాను. వోల్టేజీ చూసుకోమన్నాను. ఆయన అన్నీ చూసుకుని, ఒక పెట్టెను సంచిలో వేసుకుని బస్సెక్కి వచ్చి నా బల్లమీద పెట్టారు. "అందరు వాపస్ తీస్కపొమ్మంటున్నరు. ఇగ నా మాట ఎవ్వలు ఇనరు" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, శ్రీలత మీద. అడ్రస్‌లు మార్చడం కూడా చేతకాలేదా? నేరుగా ఎండీ గారి గదిలోకి వెళ్లి, "ఈ అమ్మాయి మనకు పనికిరాదండీ" అని చెప్పేశాను. శుక్రవారం పంపించేద్దామన్నారాయన.

అప్పుడు కూర్చున్నాను తప్పు వెతకడానికి. హెడర్ ఫైల్లో ఒక్క అడ్రసూ తప్పు లేదు. దాంతో ఇంకా చిరాకేసి శ్రీలతను పిలిచాను.

"ఫ్లాగ్ వల్లనేమో సార్" అంది. దారం తెగిందని చిప్ లోపల పడే గుర్తు అది. పని అయ్యాక దాన్ని తుడిచేయాలి, లేకపోతే దారం ఇంకా తెగే ఉందనుకుని పెట్టె మగ్గాన్ని నడవనివ్వదు. "పాత చిప్‌లో సున్నా రాస్తే పోయేదండి. కొత్తదాంట్లో ఒకటి రాస్తేనే పోతుంది. మాన్యువల్లో ఉంది."

"తెలిసి ఎందుకు మార్చలేదు?"

"మొదటివారమే అడిగాను సార్. డ్రైవర్‌ని ముట్టుకోవద్దన్నారు."

నిజమే. మాన్యువల్ పట్టుకుని వచ్చిన మనిషిని తలెత్తి చూడకుండానే పంపించేశాను. ఆఫీసులో పరీక్ష కూడా నేను పెట్టిన పద్ధతే: దారం తెంపడం, మోటారు ఆగిందని చూడడం, స్విచ్చి కట్టేసి టీకి పోవడం. కరెంటు తీయగానే ఫ్లాగూ పోయేది. నా తెలివికి నాకే సిగ్గేసింది.

ఫ్లాగ్ తుడిచే పనిని డ్రైవర్‌లోంచి తీసేసి, ఏ చిప్‌కి ఆ చిప్‌కి విడిగా రాయమన్నాను. గంటలో రాసింది. సత్తయ్య గారు అక్కడే దారం తెంపి, ముడేసి, మళ్లీ తెంపి, తృప్తిగా చూసుకుని బస్సుకు బయల్దేరారు. నేను ఎండీ గారి దగ్గరికి వెళ్లి తప్పు నాదని ఒప్పుకున్నాను. "మరి శుక్రవారం ఎవర్ని పంపించమంటారు?" అన్నారాయన.

చిప్ మారితే అడ్రస్‌లే కాదు, నడవడికా మారుతుందని, రెంటికీ డ్రైవర్ బయటే చోటు ఉంచాలని ఆ ఆదివారం నోట్స్ దిద్దించాను. పాతవి అప్పటికే జిరాక్స్ షాపుల్లో కట్టలు కట్టి ఉన్నాయి. తీసేయమంటే, "గవే మస్తు అమ్ముడుపోతయి అన్నా" అన్నాడు షాపతను.

పంపించేద్దామనుకున్న ఆ శుక్రవారమే శ్రీలతను పర్మనెంట్ చేశారు. స్వీట్ల డబ్బాతో ముందు నా దగ్గరికే వచ్చింది.

"మీరు సిఫారసు చేసుంటారు. థాంక్సండీ సార్."

ఒకటి తీసుకున్నాను. అడిగినవాళ్ల మాట పూర్తిగా వినాలని ఆ వ్యవహారం నేర్పింది. ఎండీ గారితో నేను ముందు ఏమన్నానో ఆమెకు చెప్పే ధైర్యం మాత్రం ఇప్పటికీ రాలేదు.