సెకనుకు అరవై బొమ్మలు

బట్టలు కత్తిరించే బల్లకు ఒక కొసన కుట్టుమిషను, మరో కొసన కంప్యూటరు. దర్జీపని చేసే ఆ ఇల్లాలి దినచర్య ఆ రెంటి నడుమనే సాగేది. నలభై ఒకటో ఏట, తమ్ముడు ఆడి వదిలేసిన తుపాకుల ఆటను సరదాకు ముట్టుకుని, మూడేళ్లలో అట్టడుగు ఐరన్ ర్యాంకు నుంచి మెట్టు మెట్టుగా ప్లాటినమ్ దాకా ఎక్కింది. ఆన్‌లైన్‌లో కలిసి ఆడే జట్టువాళ్లు ఆమెను 'సూది' అనేవారు. మౌసు కింద పరచినది మందపాటి కోటుగుడ్డ. దానిపై సుద్దగీత గీసినంత ఒద్దికగా, మోచేతి నుంచి చేయి సాచి గురిపెట్టేది. ప్రతిదినం గంటసేపు గురి సాధన ఆమెకు జపమంత నియమం.

ఆ ఆదివారం సాయంత్రం ఆరింటికి ఆట సీజను ముగిసి ర్యాంకులు ఖరారవుతాయి. పై మెట్టయిన డైమండు ర్యాంకుకు ఇంకొక్క గెలుపు చాలు. మూడు గంటలకు వచ్చిన తమ్ముడు సెట్టింగులు తెరిచి తల పట్టుకున్నాడు.

"అక్కా, నీ మానిటరు సెకనుకు నూట నలభై నాలుగు బొమ్మలు చూపించగలదు. నువ్వు ఎనిమిది నెలలుగా అరవైలోనే ఆడుతున్నావ్!"

"బిగించింది తమరేగా, మహానుభావా?"

"బిగించాను. ఈ ఒక్క అంకె మార్చడం మర్చిపోయా."

"గుండీలు కుట్టి కాజాలు మరిచావన్నమాట."

అంకె మారింది. తెర పట్టుగుడ్డలా జాలువారింది. ఆట మాత్రం చేజారింది. ఆలస్యంగా కనబడే శత్రువుకు అలవాటుపడిన చేయి ప్రతిసారీ ముందుకు దూకి గురి తప్పింది. పాయింట్లు తరిగి, డైమండు రెండు గెలుపుల దూరానికి జరిగింది.

తమ్ముడు గబగబా మళ్లీ సెట్టింగులు తెరిచాడు. "మళ్లీ అరవైకే తిప్పేస్తా. రెండాటలకు టైముంది."

"వద్దురా. టేపు తప్పని తెలిశాక దాంతో ఇంకో గుడ్డ కోస్తానా?"

"ర్యాంకు పోతుందే తల్లీ!"

"పోనీ. చెయ్యి పాడుచేసుకోలేను."

గంటన్నరసేపు సాధన మైదానంలో కదిలే బొమ్మలను కాల్చింది. మొదట వందకు నలభై తగిలాయి, తరువాత అరవై, చివరకు ఎనభై. ఇక ఒక్క ఆటకే సమయం మిగిలింది. ఆ ఆట ఆఖరి రౌండులో జట్టంతా పడిపోగా ఇద్దరు శత్రువులకెదురుగా ఆమె ఒంటరిగా నిలిచింది. చేయి తొందరపడలేదు. రెండే తూటాలు.

"సూదమ్మా, చంపేశావ్ పో!" అని హెడ్‌సెట్‌లో కేకలు.

ఆరయింది. ప్లాటినమ్ ముద్ర అలాగే ఉంది. తమ్ముడు క్షమాపణకు నోరు విప్పబోయాడు.

"ఉండరా, ఆ రెండో తూటా రికార్డింగు మళ్లీ వెయ్యి" అంటూ ఆమె తెరకేసి వంగింది. "ఇన్నాళ్లూ వాడు ఎక్కడుంటాడో ఊహించి కాల్చాను. ఇవాళ చూసి కాల్చాను."