ఎండిన బోరులో పోసిన ఆయిల్

ఈ మాటను ఎన్నేళ్లుగా మోస్తున్నానో చెప్పను. చెబితే మా ఊరివాళ్లు లెక్కగట్టి నన్ను పట్టేసుకుంటారు. మోస్తున్నానని మాత్రం చెబుతాను. పనిలో పడితే మరిచిపోతాను. ఇంటికొచ్చి బిందెలోంచి చెంబు ముంచుకున్నప్పుడు మళ్లీ గుర్తొస్తుంది. నీళ్లు తాగకుండా ఎవడైనా ఉండగలడా? అదీ నా చిక్కు.

నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే ఈ రాత ఎందుకు? కంబదూరు చుట్టుపక్కల ఒక పల్లె మాది. ఊరికి ఎడంగా, చేలోనే ఇల్లు కట్టుకున్నాం. నేను, నా భార్య, మా పాప. వేరుశనగ వేస్తాం, మొగులుకేసి చూస్తాం. నేను మెత్తటి మనిషిని కాను. ఎవరైనా ఒక మాట అంటే రెండు అంటాను. అలాంటివాడిని ఒక్క మాట దగ్గర మాత్రం ఇన్నేళ్లు నోరు కుట్టేసుకుని కూర్చున్నాను.

మా నాయన మా చేలో బోర్ల మీద బోర్లు వేయించాడు. నీళ్ల జాడ చెప్పడానికి అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచేవాడిని పిలిపించడం, టెంకాయ నిలబడ్డచోట కొబ్బరికాయ కొట్టి బోరు బండి పెట్టించడం, చివరికి బండపిండి లేచిపోయి ఇల్లంతా తెల్లబడటం. నీళ్లు మాత్రం పడలేదు. ఆఖరి బోరులో కొన్నాళ్లు చెమ్మ కనిపించి అదీ ఎండిపోయింది. ఎవరి బిడ్డా అందులో పడకూడదని దాని నోటి మీద ఒక బండ కప్పాం.

మా గట్టుకు అవతల మరియమ్మ చేను. సర్కారు వాళ్లకిచ్చిన కాస్త నేల. మా నాయన ఉన్నప్పుడు ఆమె మా చేలో కూలికి వచ్చేది. ఆమె ఒకే ఒక్క బోరు వేయించింది. టెంకాయవాడిని పిలవలేదు, పాస్టరు వచ్చి ప్రార్థన చేశాడంతే. నీళ్లు ఎగజిమ్మాయి. ఆ రోజు నాకు కడుపు మండలేదని చెబితే అబద్ధం. ఇంకో నిజం కూడా చెప్పేస్తాను, ఎలాగూ మొదలుపెట్టాను కదా. అంతవరకూ నేను ఆమెను పేరుపెట్టి పిలిచేవాడిని. బోరు పడ్డాకే ఆమె నాకు మరియమ్మక్క అయింది.

ఆ ఎండాకాలం ట్యాంకరు కోసం నా భార్య రోడ్డు మీద బిందెలు పెట్టుకుని కూర్చునేది. అప్పుడు పాప కడుపులో ఉంది. మరియమ్మక్క అది చూసింది. మేం అడగలేదు. మరుసటి రోజు పొద్దున లేచేసరికి గట్టు మీదుగా మా ఇంటి తొట్టి దాకా నల్ల పైపు పరిచి ఉంది. "కడుపుతో ఉండే పిల్ల బిందె మోసుకోని యాడికి పోతాదప్పా" అంది, అంతే. దానికి బదులు ఏమీ పుచ్చుకోలేదు. మా పాప పుట్టాక మొదటి స్నానం ఆ నీళ్లతోనే. ఈ మాట రాస్తుంటే కళ్లు చెమ్మగిల్లుతున్నాయి, దాచుకోను. మనుషుల్లో అంత మంచితనం ఉంటుందని నేను ఆ పైపును చూసే నేర్చుకున్నాను.

ఇక కారు సంగతి. పాత కారు ఒకటి కొన్నాను. మొదటిసారి సర్వీసుకని అనంతపురం తీసుకెళితే పొద్దంతా కూర్చోబెట్టారు. పైగా నన్ను లోపలికి రానివ్వలేదు. నా బండిని నేను అద్దం ఇవతలి నుంచి చూడాలట! ఒళ్లు మండి, ఇకమీదట ఇంట్లోనే చేసుకుంటానని ఒట్టు పెట్టుకున్నాను. ఫోనులో చూసి చూసి నేర్చుకున్నాను. నా భార్య నవ్వింది. "చేసేటిది చెయ్ గానీ, ఆ చేతుల్తో పాపను ఎత్తుకోవద్దు" అంది.

నిజం చెప్పొద్దూ, ఆ పని నాకు చాలా ఇష్టం. ఇంజన్ కాసేపు నడిపి ఆపాలి, ఆయిల్ పలచబడుతుంది. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందువైపు జాకీతో ఎత్తి, రెండు పక్కలా మొద్దులు ఆనించి, గోనెపట్ట పరుచుకుని కిందికి దూరాలి. అడుగున ఉండే నట్టు విప్పితే కాలిన ఆయిల్ నల్లగా, వేడిగా, ధారగా బేసిన్లోకి దిగుతుంది. అది దిగి దిగి చుక్కల్లోకి వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడమే నాకు ఇష్టం. తర్వాత పాత ఫిల్టర్ తిప్పి ఊడదీయాలి, దాని రబ్బరు రింగు ఇంజనుకు అంటుకుని ఉండిపోలేదు కదా అని వేలితో తడిమి చూసుకోవాలి. కొత్త ఫిల్టర్ రింగుకు కాస్త కొత్త ఆయిల్ పూసి చేత్తోనే బిగించాలి. నట్టు పెట్టేసి, పైనుంచి తేనెరంగు ఆయిల్ పోసి, గేజు పుల్ల తీసి చూసి, బండి స్టార్ట్ చేసి, కారడం లేదని వంగి చూసుకోవాలి. అంతా సరిగ్గా చేసేవాడిని. ఒక్క చుక్క కారనిచ్చేవాడిని కాదు. ఇంజను పట్ల నాకంత శ్రద్ధ.

మరి ఆ బేసిన్లో మిగిలిన నల్ల ఆయిల్? దాని గురించి ఏ వీడియోలోనూ చివరిదాకా చూడలేదు.

మా వైపు కాలిన ఆయిల్‌ను గుంజలకు, తలుపు చట్రాలకు పూస్తారు, చెదలు పట్టకుండా. మరియమ్మక్క కూడా అడిగింది, కొట్టం గుంజలకు కావాలని. మొదటిసారి డబ్బాలో పోసి పంపాను. రెండోసారి డబ్బా వెతకాలి, గరాటు పెట్టి పోయాలి, గట్టు దాటి ఇచ్చి రావాలి. బద్ధకం వేసింది. ఒట్టి బద్ధకమేనా? నేను మోసుకెళ్లి ఆమెకు ఇవ్వడమేమిటన్న నీలుగుడు కూడా లోపల ఉందా? ఉంది. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే కనిపిస్తోంది. ఇంటి వెనకే ఎండిన బోరు ఉంది. బండ పక్కకు జరిపాను. బేసిన్ వంచేశాను. చప్పుడు కూడా రాలేదు. చేతులు కడుక్కున్నాను. అప్పటి నుంచి అదే అలవాటైంది. ఆమె అడిగితే, ఈసారి అయిపోయిందక్కా అనేవాడిని. చచ్చిన బోరు కదా, దానికేమవుతుంది అనుకున్నాను. బోర్లు చావవని, కింద బండల సందుల్లో అన్నీ ఒకటేనని, బోర్ల మధ్య పుట్టి పెరిగిన నాకు తెలియదా? తెలుసు. తెలిసినదాన్ని అవసరం పడనప్పుడు పక్కన పెట్టేశాను.

ఒక ఏడు వాన దంచి కొట్టింది. మా వైపు అలాంటి వాన పడితే పెద్దవాళ్లు కూడా వాకిట్లోకి వచ్చి తడుస్తారు. చెరువులు నిండాయి, వంకలు పారాయి. ఆ సంతోషంలోనే కొన్నాళ్లకు ఒక పొద్దున మరియమ్మక్క మా వాకిట్లోకి వచ్చింది. ఎప్పుడూ నేరుగా వంటింటి గుమ్మం దాకా వచ్చే మనిషి, ఆ రోజు బయటే నిలబడింది.

"ఏమప్పా, ఈ నీళ్లు తాగొద్దండి" అంది. "ఆయిలు వాసన వస్తాండాది. తొట్టిలో పైన రంగులు రంగులుగా తేల్తాండాది."

నేను తొట్టి వైపు చూశాను.

"మోటారులోంచే కారుతాండాదంటారు. మోటారు దించిన ఓబులేసు సరిగ్గా బిగించలేదేమో. నాకు తెలీక మీకు అవే నీళ్లు ఇడిసినా. పాప కూడా తాగింది కదప్పా. దానికేమన్నా అయితే నేను యాడ మొగం పెట్టుకునేది?" అంది ఆమె. "నా మింద కోపం చేసుకోవద్దు. నన్ను మన్నించు."

అప్పుడు నేను ఏమన్నానో వినండి. ఇన్నేళ్లుగా మోస్తున్నానన్న మాట ఇదే.

"పోనీలే అక్కా. నువ్వేమన్నా తెలిసి చేసినావా? ఏం కాదులే" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని, చేతులు జోడించి వెళ్లింది. నేను చేసిన తప్పుకు ఆమెను నేను మన్నించాను! పెద్దమనిషిలా మన్నించాను.

ఆమె గట్టు దాటగానే ఇంటి వెనక్కి పోయి బండ జరిపాను. గుప్పున అదే వాసన. ఒక రాయి వేశాను. అంతకుముందు ఏం వేసినా చప్పుడు వచ్చేది కాదు. ఈసారి గుభుక్కుమంది. మా బోరులోకి నీళ్లొచ్చాయి. మా నాయన ఏ నీళ్ల కోసం బతుకంతా ఎదురుచూశాడో అవి వచ్చాయి, నేను పోసిన మడ్డిని నెత్తిన పెట్టుకుని. వచ్చాయని ఎవరికైనా చెబితే, వాళ్లు వచ్చి చూస్తే, వాసన పసిగడతారు. బండ మళ్లీ మూసి, చుట్టూ మట్టి మెత్తాను. నా భార్యకు కూడా చెప్పలేదు.

తర్వాత జరిగింది చూస్తూ కూర్చున్నాను. మోటారు పైకి తీశారు, పైపులు కడిగారు, మళ్లీ దించారు. వాసన పోలేదు. నీళ్లు బాగయ్యేదాకా తోడి పారేయమన్నారు ఎవరో. రోజుల తరబడి ఆ మోటారు నడుస్తూనే ఉంది, నీళ్లు వంకలోకి పోతూనే ఉన్నాయి. మా నేలలో నీళ్లు పారబోయడం ఎలాంటిదో మీరు ఈ వైపు వాళ్లయితే వేరే చెప్పక్కర్లేదు. ఆమె వేసిన టమోటా ఆ ఏడు చేతికి రాలేదు. మోటార్లు దించే ఓబులేసు మీద ఊరంతా పడింది. అతను బిడ్డల మీద ఒట్టేశాడు. ఎవరూ నమ్మలేదు. నమ్మగలిగినవాడిని నేనొక్కడినే, ఆ గుంపులో నిలబడి నేల చూపులు చూశాను. అతను ఇవాళ్టికీ మరియమ్మక్క చేలోకి అడుగు పెట్టడు. ఓబులేసూ, నీ పని శుద్ధమైనది. ఇది కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను.

మెల్లగా వాసన తగ్గింది. ఇంకో వానాకాలం పోయాక నీళ్లు తేటబడ్డాయి. బాగయ్యాయని ఆమె ముందు తనే కొన్నాళ్లు తాగి చూసుకుంది. ఆ తర్వాతే మా పైపుకు మళ్లీ నీళ్లు విడిచింది. ఆ మాట ఆమె కూతురు చెబితే తెలిసింది. చెప్పండి, ఇలాంటి మనిషికి ఏమని కృతజ్ఞత చెప్పాలి? చెప్పడానికి నాకు నోరు ఉందా? అయినా చెబుతాను. కృతజ్ఞత లేకపోతే నాకు ఈ తప్పు ఇంత బరువుగా ఉండేది కాదు. ఆమె ఇచ్చిన ప్రతి బిందెకూ నేను ఋణపడి ఉన్నాను. ఆ పైపు లేకపోతే మా పాప ఇలా ఎదిగేది కాదు. ఆమె చల్లగా ఉండాలి.

ఆ మడ్డి ఆయిల్‌ను ఇప్పుడు డబ్బాల్లో పట్టి, పట్నం వెళ్లినప్పుడు కొనేవాళ్లకు వేసి వస్తున్నాను. మంచివాడినయ్యానని చెప్పుకోవడానికి కాదు. ఆ బోరు దగ్గరికి పోవాలంటే నాకు భయం.

మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆమె మా ఇంటి ముందు ఆగింది. నా భార్యతో మాట్లాడుతోంది. నేను లోపల ఉన్నానని తెలియదు. "మీ ఆయన ఆ పొద్దు నన్ను ఒక్క మాట కూడా అనలేదమ్మా. ఇంకొకరైతే ఇంటి మిందికి కొట్లాటకొస్తాండ్రి. అందుకే ప్రతి ఆదివారం ఆయన పేరు చెప్పి దేవునికి స్తోత్రం చెప్తా" అంది.

ఇన్నేళ్లూ, వారం తప్పకుండా, నా పేరు మీద స్తోత్రం! ఆమె తిడితే తట్టుకోగలను. ఆ ప్రార్థనను తట్టుకోలేకే ఇది రాస్తున్నాను.

ఆమె ముఖం చూసి ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో మాట ఇవ్వను, నా మాటల విలువ మీకిప్పటికే తెలిసింది. మీరు నన్ను మన్నించనక్కర్లేదు. మన్నింపులు ఎంత సులువుగా దొరుకుతాయో, ఎంత అబద్ధంగా ఇవ్వవచ్చో నేను ఇచ్చి చూశాను. కానీ ఒక వాక్యం ఇన్నేళ్లూ నా నోట్లోనే సగంలో ఆగిపోయేది, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పూర్తయ్యేది కాదు. ఇప్పుడు పూర్తిగా రాస్తున్నాను.

మరియమ్మక్కా, నీ నీళ్లలో ఆయిల్ కలిపింది నేనే.

రాశాను. గుండెల మీద చెయ్యి పెట్టుకుంటే కాస్త తేలికగా ఉంది. బయట తొట్టిలోకి నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. మరియమ్మక్క ఇప్పుడే మోటారు వేసినట్టుంది, ముందు మా వైపే విడిచింది.