సీసం పోసిన బొంగరం

మా అబ్బాయి గదిలోంచి ఆదివారం పొద్దున కరిగిన సీసం వాసన వస్తుంది. యాభై అయిదేళ్లు నిండి ఉద్యోగ విరమణ చేసిన ఆ మనిషి కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, బొమ్మకారు పొట్ట విప్పి, మలుపుల్లో బోల్తాపడకుండా అడుగున సీసం పోసి, తన ఈడు పెద్దమనుషులతో పందేనికి బయలుదేరతాడు. దీనికి వాళ్లు అభిరుచి అని పేరు పెట్టుకున్నారు. పిల్లలు ఆడుకుంటే నేను తప్పుపట్టను. పిల్లల ఆటకు పెద్దలు తొడిగిన ఆ గంభీరమైన ముఖాన్ని మాత్రం సహించలేను.

పందొమ్మిదివందల నలభైల చివరి ఏళ్లలో సూర్యాపేట పిల్లలు ఎంత నేర్పరులో అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు నవ్వు కూడా రాదు. తాటికాయలు చక్రాలుగా బండి కట్టేవాళ్లం, వెదురుబొంగుతో చిమ్మనగొట్టం చేసేవాళ్లం, అగ్గిపెట్టెలకు దారం కట్టి రెండు వీధుల అవతలికి మాట్లాడామని బొంకేవాళ్లం. నిజం చెప్పాలంటే ఇంట్లో ఏదో ఒక పనిముట్టు కుంటుపడకుండా మా బండి ఒక్కటీ నడవలేదు. అది ప్రతిభ కాదు, అదుపులేనితనం.

ఒక ఎండాకాలం, ఆముదాల బస్తాలతో అంగడి నిండి, గాలిలో పొట్టు ఎగిరి కళ్లు మండే రోజుల్లో, మేనమామ కొడుకు సత్తెయ్య కోదాడ నుంచి వచ్చాడు. వాడి బొంగరం దెబ్బకు నా బొంగరాలు రెండు చీలిపోయాయి.

"మీ బొంగరాలు గాలికి తిరుగుతాయిరా బావా, మావి దెబ్బకి తిరుగుతాయి!" అన్నాడు వాడు, నలుగురిలో.

ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. మా నాయన అంగడిలో తూకం వేసే దడువాయి. రైతుకూ సరుకు కొనే సేటుకూ నడుమ ఆయన తక్కెడే సాక్ష్యం, ఆయన మాటే తీర్పు. ఐదు సేర్ల ఇనుపరాయి అడుగున చిన్న గుంట, ఆ గుంటలో బరువు సరిపెట్టిన సీసం, ఆ సీసం మీద సర్కారు ముద్ర ఉండేవి. నేను ఆ సీసాన్ని ఉలితో పెకలించి, గరిటెలో కరిగించి, కొత్త బొంగరానికి తొలిచిన రంధ్రంలో పోశాను. రాతి గుంటను లక్కతో పూడ్చి పైన మసి రాశాను. మర్నాడు సత్తెయ్య బొంగరం రెండు చెక్కలైంది. అంతటి వెధవ ఆనందం నేను మళ్లీ ఎరుగను.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం ఎండకు కాలిన రాయిని నాయన ఎత్తబోతే తక్కెడ పళ్లెం కూడా దానితోపాటే లేచింది. లక్క మెత్తబడి పళ్లేన్ని పట్టుకుంది.

"రాయి గూడ నీ పళ్లెం ఇడిసిపెడ్తలేదు సూడు సేటూ!" అని చివ్వెంల రైతు ఒకడు పగలబడి నవ్వాడు.

సేటు నవ్వలేదు. "రాయి తేలికైతే రైతుకే లాభమాయె. ఎవల దిక్కు తూస్తున్నవ్ దడువాయీ?" అన్నాడు.

నాయన రాయిని బోర్లించి చూశాడు. తరువాత మూలన నిలబడిన నన్ను, నా చేతిలోని బొంగరాన్ని చూశాడు. దాన్ని గొడ్డలితో చీల్చి, సీసం తీసి, లక్క ఊడదీసిన రాయి పక్కన పెట్టి, ఎదుటి పళ్లెంలో మరో ఐదు సేర్ల రాయి ఉంచాడు. తక్కెడ కాడ ఎటూ ఒరగకుండా సమంగా నిలిచింది.

"ఎన్నొద్దులైందిరా తీసి?"

"నిన్ననే నాయినా."

నాయన నమ్మాడు. నిన్నటి బస్తాలన్నీ పొద్దుగూకేదాకా ఒక్కడే మళ్లీ తూచాడు. సేటు చల్లబడ్డాడు, నేను బతికిపోయాననుకున్నాను. అంతకుముందు రోజుల బస్తాలు అప్పటికే లారీలెక్కి కోదాడ దాటిపోయాయి.

ఇంటికి వచ్చాక ఆయన ఊడదీసిన లక్కముద్దను గోటితో గీకాడు. అందులో పొట్టు పొరలు పొరలుగా ఇరుక్కుని ఉంది.

"ఒక్క పూటకు గింత పొట్టంటదారా?" అన్నాడు. కొట్టలేదు, తిట్టలేదు.

తెల్లారి సేటు దగ్గరికి వెళ్లి, ఎవరూ అడగకుండానే, "నిన్నటిదొక్కటే కాదు సేటూ, నాలుగొద్దుల తూకం తప్పింది" అని చెప్పి వచ్చాడు. ఆ తక్కెడ మళ్లీ ఆయన చేతికి రాలేదు. మిర్యాలగూడ మిల్లులో బియ్యం మూటలు మోస్తూనే ఆయన నన్ను చదివించాడు.

ఆ అంగడి లేదు, కాడ తక్కెడలు లేవు, సేరు లేదు. ఏ దుకాణంలోనైనా రాయిని బోర్లించి చూసే నా అలవాటుకు నవ్విన వర్తకులూ పోయారు. ఈ ఆదివారం మా అబ్బాయి తన కారును వంటింటి తూకపు యంత్రం మీద పెట్టి, "సరిగ్గా కుదిరింది నాన్నా" అన్నాడు. నేను కారును పక్కకు తీసి యంత్రాన్ని బోర్లించాను. అడుగున బ్యాటరీ మూత ఒక్కటే ఉంది.