చాపిన చెయ్యి

పోయిన వారం శ్రీకాకుళంలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం, మా ఆయన, నేను, మా అన్నయ్య. మా ఆయన అంటే మా మేనత్త కొడుకే. ఇన్నేళ్ళు కాపురం చేసినా నా నోటికి బావే. బావకి కుడి కంటికి శుక్లం వచ్చింది. మనవరాలి వయసు డాక్టరమ్మ ఎడమ కంట్లోకి లైటు వేసి చూసి, ఇది ఎలా పోయింది తాతగారూ అని అడిగింది. అన్నయ్య గోడ మీది అక్షరాల పటం చదవడం మొదలుపెట్టాడు. బావ ఎప్పటిలాగే, చిన్నప్పుడు చింతబరిక గుచ్చుకుందన్నాడు. పచ్చి అబద్ధం.

మా మేనత్తని ఒడిశా సరిహద్దున ఉన్న మా ఊరు పాతపట్నంలోనే ఒరియా వాళ్ళింట్లో ఇచ్చారు. వాళ్ళింట్లో పఖాళం అంటే మనింట్లో చద్దన్నమే, పేరు మారితే రుచి మారుతుందా? బడిలో మాత్రం అన్నయ్యా నేనూ తెలుగు వరసలో, బావ ఒరియా వరసలో నిలబడేవాళ్ళం. పొద్దున్నే ప్రతిజ్ఞ ముందు తెలుగులో, తర్వాత ఒరియాలో. రెండూ అయ్యేదాకా చాపిన చెయ్యి దించకూడదు. దించితే డ్రిల్లు మాస్టారి బెత్తం మోచేతి మీద పడేది. రెండోది సగానికొచ్చేసరికి భుజాలు లాగేసేవి. ఒక చేతి కింద ఇంకో చెయ్యి దొంగతనంగా ఆన్చుకుని, ఈళ్ళ బాస ఇంత పొడుగేటని అన్నయ్య గొణిగేవాడు. గొణుగుతూనే అదీ కంఠతా పట్టేశాడు.

ఇంతలో ఎక్కడో దూరపు జిల్లా నుంచి కొత్త హెడ్మాస్టరు దిగాడు. ఒక దేశానికి ఒక ప్రతిజ్ఞ చాలన్నాడు. ఒరియా పిల్లలు చేతులు చాపి ఊరికే వింటే సరిపోతుందట. ఆ మహానుభావుడు నిప్పు పెట్టి తన గదిలోకి పోయి కూర్చున్నాడు.

మర్నాడు తెలుగు ప్రతిజ్ఞ అవగానే ఒరియా వరసలు గొంతెత్తి తమది మొదలుపెట్టాయి. మా వైపు పెద్దపిల్లలు కేకలేశారు. ఎవడో బెల్టు ఊడదీసి విసిరితే దాని బకిలు ఒకడి పెదవి చీల్చేసింది. ఇక జెండా కర్ర చుట్టూ పాతిన సున్నం కొట్టిన ఇటుకలు ఒక్కటీ మిగల్లేదు. తలలు పగిలాయి, పళ్ళు రాలాయి. కిందపడ్డ చిన్నపిల్లల్ని తొక్కుకుంటూ పోయారు. నా పక్కపిల్లని ఒకడు జడ పట్టి ఈడ్చాడు. అందరం అన్నదమ్ములమని చెప్పుకునే ఆ ప్రతిజ్ఞ కోసమే ఇదంతా, ఛీ! ఆ గోలలో బావ ఒక్కడూ చెయ్యి దించకుండా చెబుతూనే ఉన్నాడు. మా అన్నయ్య గుంపులోకి విసిరిన సగం ఇటుక అతని ఎడమ కంటికి తగిలింది. అడ్డం పెట్టుకోవలసిన చెయ్యి ముందుకు చాపి ఉంది. ముఖం సగం రక్తం.

అన్నయ్యే ఏడుస్తూ ఇంట్లో చెప్పేశాడు. నాన్న కొట్టు మూసొచ్చి, వాణ్ణి స్తంభానికి కట్టి, బస్తాల తాడుతో చర్మం లేచిపోయేలా కొట్టాడు. ఆ తర్వాత కూడా వాడు కంటబడితే చాలు, చెయ్యి లేచేది. ఆసుపత్రి నుంచి కంటికట్టుతో వచ్చిన బావ, అలా లేచిన నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"ఆడు నన్ను సూసి ఇసర్లేదు మావా. ఆణ్ణి ఒగ్గీ. ఎవులడిగినా సింతబరికే."

పోలీసులకీ అదే చెప్పాడు, మా అత్తకీ అదే. ఆ గోలలో ఎవరి దెబ్బ ఎవరికి తగిలిందో ఎవరికీ తెలీదు గనక నమ్మేశారు. నిజం చెబితే అన్నయ్య జైలుకి, అత్త పుట్టింటి గడప తొక్కదు. మా ఇద్దరి పెళ్ళి మాట సరేసరి.

తిరుగు దారిలో బస్టాండుకి ఆటో ఎక్కాం. అన్నయ్య ఉన్నట్టుండి, "ఒరే బావా, ఆ పొద్దు ప్రతిజ్ఞ నువ్వాగిపోయినకాడి నుంచి సెప్పరా," అన్నాడు.

"ఏటి సెప్పమంతావు. దెబ్బ తగిలినకాడి నుంచి ఆ మాటలే రావు నాకు."

అన్నయ్య ముందు సీటు మీదుగా చెయ్యి చాపి ఒరియాలో మొదలుపెట్టాడు. ఆటో అబ్బాయి అద్దంలోంచి వింతగా చూశాడు. సగానికొచ్చేసరికి ముసలి చెయ్యి కిందికి వాలబోయింది. బావ ఆ మోచేతి కింద తన చెయ్యి ఆన్చాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ పొద్దున సగంలో ఆగిన ప్రతిజ్ఞ పూర్తవడానికి మాకు ఒక జీవితకాలం పట్టింది.