జిగురు చల్లారేలోపు

నా చిన్నప్పుడు ఒక ఏడాది మా నాయనకీ చిన్నాయనకీ మాటలు పోయాయి. కారణం మా బర్రె. అది పలుపు తెంచుకుని చిన్నాయన నారుమడిలో పడి ఒక మూలంతా మేసేసింది. ఆయన ఒక మాట అన్నాడు, మా నాయన రెండు అన్నాడు. మర్నాటికి రెండిళ్ళ మధ్య తాటాకు తడిక లేచింది. బర్రె మాత్రం ఎప్పటిలాగే తడిక చివరనుంచి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. తిరగడానికి లేకుండా పోయింది నాకే. చిన్నాయన కూతురూ నేనూ ఒకే ఈడు వాళ్ళం, పొద్దున లేస్తే ఒకరిని వదిలి ఒకరం ఉండేవాళ్ళం కాదు. ఇప్పుడు తడిక సందులోంచి కళ్ళు చూసుకోవడమే మిగిలింది.

మాది దొరవారిసత్రం దగ్గర పల్లె. మా తాతయ్యది వడ్రంగం. కొడుకులిద్దరికీ పని నేర్పాడు కానీ వాళ్ళు సేద్యంలో పడ్డారు. ఆయన భోజనం పగలు మా ఇంట్లో, రాత్రి వాళ్ళింట్లో. తగువు గురించి నోరు విప్పేవాడు కాదు. విప్పితే ఏ పూట కూడు చేదవుతుందోనని భయం కాబోలని మా అమ్మ ఎగతాళి చేసేది. ఆయన బాధ ఎక్కడ ఉందో నేను చూశాను. మాది చిన్న చర్చి. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఆరాధన జరిగేటప్పుడు, తోడబుట్టినవాడితో పగ పెట్టుకున్నవాళ్ళు రొట్టె తీసుకోకూడదని మావాళ్ళ పట్టింపు. అందరూ లేచి ముందుకు వెళుతుంటే మా నాయన ఈ గోడ పక్కన, చిన్నాయన ఆ గోడ పక్కన తలలు వంచుకుని కూర్చుండిపోయేవాళ్ళు. తాతయ్య రొట్టె తీసుకుని నేల చూసుకుంటూ వెనక్కి వచ్చేవాడు. వాళ్ళు ఇక ఎప్పటికీ లేవరేమోనని నాకూ దిగులుగా ఉండేది.

ఇంతలో చర్చిలో ఆ రొట్టె పెట్టే పాత చెక్కబల్లకు చెదలు పట్టింది. కొత్తది చేసే పని తాతయ్య నెత్తిన వేసుకున్నాడు. బాగా ఆరిన వేపచెక్క తెచ్చి కోశాడు, చిత్రిక పట్టాడు. తర్వాత పైపలకను నున్నగా రుద్దమని మా ఇంట్లో పెట్టి, కాళ్ళూ పట్టీలూ చిన్నాయన ఇంటికి పంపాడు. బల్ల సగం ఇక్కడా సగం అక్కడా ఏమిటని మా అమ్మ అడిగితే వసారాలో చోటు చాలలేదన్నాడు. తడికకు ఇటు నేనూ అటు ఆ పిల్లా ఉప్పు కాగితాలు పుచ్చుకుని కూర్చున్నాం. నేను రుద్దడం ఆపితే అవతల కూడా ఆగేది. మళ్ళీ మొదలుపెడితే అక్కడా గరగర మొదలయ్యేది. మూడుసార్లు రుద్ది ఆపితే మూడుసార్లు జవాబు వచ్చేది. ఆ పలక అంత నున్నగా రావడానికి సగం కారణం ఆ ఆటే. చివర అవిసె నూనె పట్టిస్తే చెక్కలోని గీతలన్నీ పైకి తేలాయి, నాకు పట్టరాని సంతోషమైంది.

ఆదివారం ప్రభువు బల్ల అనగా శనివారం పొద్దున తాతయ్య బిగింపు పెట్టుకున్నాడు. వెలుతురు చాలడం లేదని తడిక ఒక పక్క విప్పేసి, సామాను సరిగ్గా ఆ సందులో పరిచాడు. ఆ రోజుల్లో చెక్కలు అతకడానికి వజ్రం అనే జిగురు వాడేవాళ్ళు. తోళ్ళు ఉడికించి చేసేది. పేరు వజ్రమే కానీ కరిగిస్తుంటే వచ్చే వాసనకు మా అమ్మ వంటింటి తలుపు వేసుకునేది. దాన్ని వేడి మీద పూసి వెంటనే బిగించాలి. చల్లారిందంటే అంతా గీకి మళ్ళీ మొదటికి రావాలి. పైగా మా బల్లకు కాళ్ళ జత అటొకటి ఇటొకటి. మధ్య ఉండే పొడుగు పట్టీల కొసలు రెండు వైపులా కాళ్ళ బెజ్జాల్లోకి ఒకేసారి దిగాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

ఒక చెయ్యి సాయం కావాలని నాతో చెప్పించి మా నాయనను రప్పించాడు. అదే మాటతో ఆ పిల్లను వాళ్ళ నాయన దగ్గరికి కూడా పంపాడని నాకు తెలియదు. అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు చూసి నిలబడిపోయారు. చిన్నాయన వెనక్కి తిరగబోయాడు. అప్పటికే తాతయ్య కుంచె ముంచి కొసలన్నిటికీ జిగురు పూసేస్తున్నాడు. ఊరి పక్కనున్న సరస్సు మీదినుంచి చలిగాలి కొడుతోంది.

"పట్టండిరా! చల్లారిపోతా ఉండాది!"

ఆ కేక వింటూ పెరిగిన మనుషులు. ఆలోచించే లోపలే చెరో పక్కా దూకి కాళ్ళ జతలు పట్టుకున్నారు. మా నాయన అటు తోస్తే ఇటు లేచింది, చిన్నాయన ఇటు తోస్తే అటు వంకర పోయింది. ఇద్దరూ పళ్ళు బిగించుకున్నారే తప్ప నోళ్ళు తెరవలేదు. చివరికి బెజ్జం అంచులో మా నాయన బొటనవేలు ఉండిపోయింది.

"అన్నా! వేలు, వేలు తీ!" అని అరిచాడు చిన్నాయన.

ఏడాది తర్వాత వినబడిన పిలుపు అది. మా నాయన వేలు లాక్కుని ఒక్క క్షణం తమ్ముడి మొహం చూశాడు. "నువ్వు కింద ఎత్తి పట్టు, నేను తోస్తా" అన్నాడు. పట్టీలు రెండు వైపులా మెత్తగా దిగిపోయాయి.

జిగురు పట్టేదాకా అదిమి ఉంచాలి, లేదా తాడు చుట్టి బిగించాలి. తాడు పాస్టరు గారింట్లో ఉండిపోయిందని, తెమ్మని తాతయ్య మా ఇద్దరు పిల్లల్నీ పంపాడు. మేము చెయ్యి చెయ్యి పట్టుకుని పరిగెత్తాం. పాస్టరమ్మ గారు ఇల్లంతా వెతికి, "మీ తాత మాకెప్పుడిచ్చినాడే తాడు?" అని ఆశ్చర్యపోయింది. దారిలో రేగిపళ్ళు కనబడ్డాయి. ఇక చెప్పాలా, ఒడి నిండా కోసుకుని తీరిగ్గా వచ్చాం.

వచ్చేసరికి పెరట్లో నవ్వులు. అన్నదమ్ములు అలాగే చెరో పక్కా బల్లను అదిమి పట్టుకుని ఉన్నారు.

"మా నారంతా మేసి ఈనింది కదన్నా మీ బర్రె, జున్ను ఒక ముంతైనా పంపలేదే!" అంటున్నాడు చిన్నాయన. మా నాయన సిగ్గుతో నవ్వలేక నవ్వుతున్నాడు. తడిక వెనక మా అమ్మా చిన్నమ్మా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తాడు దొరకలేదని మేం చెబితే తాతయ్య అయ్యో అంటూ లేచి, కూర్చున్న పీట కిందనుంచి తాడు తీశాడు.

మర్నాడు చర్చిలో ఆ బల్ల మీద తెల్లగుడ్డ పరిచి రొట్టె పెట్టారు. పాస్టరు గారు పిలవగానే మా నాయన లేచాడు, ఆగాడు, చిన్నాయన కూడా వచ్చేదాకా ఆగి ఇద్దరూ కలిసి ముందుకు వెళ్ళారు. తాతయ్య ఆ రోజు నేల చూడలేదు. కళ్ళు తుడుచుకుంటూ అందరి మొహాలూ చూశాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

రాజీ పడమని ఆయన ఒక్కసారైనా అనలేదని నాకు పెద్దయ్యాకే తట్టింది. ఇప్పుడు నాకు ఇద్దరు కోడళ్ళు, ఒకటే వంటిల్లు. ఒక్కోరోజు మాటలు తగ్గి గిన్నెల చప్పుడు పెరుగుతుంది. తప్పెవరిదో నేను అడగను. నీళ్ళోడే పెద్ద దుప్పటి తెచ్చి, చెరో కొసా పట్టుకుని పిండమంటాను. ఎవరు ఎటు తిప్పాలో మాట్లాడుకోక తప్పదు కదా. క్లిప్పులు తెస్తానని చెప్పి లోపలికి వెళతాను. వెళ్ళి, మంచం మీద కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చుంటాను.