పెద్దబావిలో నిలువీత

నాకు ఈత నేర్పింది మా నాయిన. మాన్పించింది ఊరు. పన్నెండో ఏట పెద్దమనిషినైన నాటి నుంచి బావి దిక్కు పోవద్దన్నారు, పోలేదు. మళ్లీ దిగింది ముప్పయ్యో ఏట. మధ్యలో పద్దెనిమిదేళ్లు నా ఒంటి మీద పడ్డ నీళ్లన్నీ చెంబులోవే.

మాది కోరుట్ల శివారులో నేతపని చేసే ఇల్లు. ఇంట్లో గుంటమగ్గం. ఇంటి వెనక రెండు చెలకలు దాటితే ఒక పటేలు వ్యవసాయ బావి, ఒక పక్క రాతిమెట్లు, ఇంకో పక్క మోటారు. దాన్ని పెద్దబావి అనేవాళ్లం. సాయంత్రం మగ్గం దిగాక ఒళ్లు కడుక్కోవడానికి నాయిన అక్కడికి పోయేవాడు, వెంట నేనూ పోయేదాన్ని. ఎండిన సొరకాయ బుర్ర నా వీపుకు కట్టి ఒకరోజు చెప్పాపెట్టకుండా తోసేశాడు. తర్వాత మా తమ్ముణ్ణి కూడా తోశాడు గానీ, వాడు ఏడ్చిన ఏడుపుకు మోటారు కాడ పడుకున్న కుక్క కూడా లేచి వెళ్లిపోయింది. వాడికి ఈత రాలేదు. నేత కూడా రాలేదు. తెగిన పోగు అతకడానికి వేసే చిన్న ముడి నాయిన ఎన్నిసార్లు చూపించినా, వాడు బర్రెను గుంజకు కట్టినట్టు కట్టేవాడు. నాయిన తిట్టుకుంటూ విప్పి మళ్లీ వేసుకునేవాడు.

నాకు బాగా వచ్చింది నిలువీత. ముందుకు పోకుండా, ఉన్నచోటే నిలబడినట్టు, కాళ్లాడిస్తూ తేలడం. నాయిన మెట్టు మీద కూర్చుని బీడీ ముట్టించి ప్రశ్నలు అడిగేవాడు. పొద్దున ఏం కూర తిన్నవు, మేనత్తకు ఎందరు పిల్లలు, అంచులో పోగులెన్ని. నేను రొప్పకుండా జవాబు చెప్పాలి. రొప్పితే ఇంకో ప్రశ్న. "మాట్లాడుకుంటనే ఉండాలె బిడ్డా. నోరు భయపడితే కాళ్లకు ఎరికైతది" అనేవాడు. బీడీ అయిపోయేదాకా అదే పని. నాకు విసుగొచ్చి కావాలని తప్పులు చెప్పేదాన్ని.

పెళ్లయ్యాక సిరిసిల్లకు వెళ్లాను. అక్కడ పగలూ రాత్రీ సాంచాల చప్పుడు, అదే పవర్‌లూమ్‌ల చప్పుడు. మానేరులో బట్టలు ఉతికేదాన్ని గానీ నీళ్లు మోకాలు దాటనిచ్చేదాన్ని కాదు. ఈత వచ్చని మా ఆయనకు కూడా చెప్పలేదు. చెబితే నలుగురిలో అని నవ్వించే రకం.

అవి నక్సలైట్ల రోజులు. అన్నలు వచ్చి అన్నం అడిగితే పెట్టాలి. ఎందుకు పెట్టారని తెల్లారి పోలీసులు అడిగితే జవాబు చెప్పాలి. ఈ రెండింటి మధ్య ఎంతమంది ఎట్లా నలిగిపోయారో మా వీధిలోనే చూశాను. భయం అప్పుడు ఉప్పు లాంటిది, ప్రతి ఇంట్లోనూ ఉండేది.

ఒక ఎండాకాలం సోమవారం పొద్దున తమ్ముడు మా ఇంటికొచ్చాడు. జగిత్యాలలో డిగ్రీ చదువుతుండేవాడు. మంచినీళ్లిస్తే తాగకుండా గ్లాసు కింద పెట్టాడు.

"అక్కా, పెద్దబాయిల ఒక మూట ఏసిన. రాయి గట్టి ఏసిన. అండ్ల ఏమున్నదని అడగకు" అన్నాడు.

అడగలేదు. వాడే మిగతాది చెప్పాడు. వచ్చే ఆదివారం పటేలు బావి పూడిక తీయిస్తున్నాడు. మోటారు పెట్టి నీళ్లన్నీ తోడేస్తారు, కూలీలు అడుగుకు దిగి బురదంతా తట్టలకెత్తుతారు. మూట గట్టెక్కుతుంది. బావికి కూతవేటు దూరంలో, బడిలో, పోలీసుల క్యాంపు ఉంది. తనకు ఈత రాదు. బయటివాళ్లను నమ్మలేడు. నాయినకు ఉబ్బసపు దమ్ము, నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకుంటాడు. ఇక మిగిలింది నేను.

మూట దేంట్లో కట్టావని అడిగాను.

"నాయిన నేసిన తువ్వాలల" అన్నాడు.

వాడి చెంప పగలగొట్టాలనిపించింది. మా నాయిన నేసే తువ్వాలకు ఎర్రంచు, ఆ అంచులో రెండు పసుపు పోగులు. చుట్టుపక్కల ఇంకెవరూ అట్లా నేయరు. సంతలో ఆ అంచు చూపిస్తే ఎవరైనా మా ఇంటికి దారి చెబుతారు. చేతికందిన గుడ్డలో చుట్టేయడం నేసేవాళ్ల ఇళ్లలో జరిగే తప్పే. గుడ్డకు కొదవలేని ఇంట్లో గుడ్డ గురించి ఎవరూ ఆలోచించరు. ఆ మూట దొరికితే వాణ్ణి తీసుకుపోతారు, తీసుకుపోయినవాళ్లు అందరూ తిరిగి రావడం లేదు.

"నాయినకు తెల్వనియ్యకు" అని మాత్రం రెండుసార్లు చెప్పాడు.

ఆ రోజే బస్సెక్కాను. వేములవాడ దాటాక పోలీసులు బస్సు ఆపి అందర్నీ దింపి సంచులు చూశారు. నా సంచిలో రెండు చీరలు, చిన్న జీడిపాకం పొట్లం. అయినా సంచిని ఎదకు హత్తుకుని నిలబడ్డాను.

మా అమ్మను మేం అవ్వ అంటాం. వంటింట్లోకి పిలిచి చెవిలో అంతా చెప్పాను. అవ్వ ఏడవలేదు, తిట్టలేదు. పొయ్యి మీది గిన్నె దించి, పక్కింటికి పోయి గాలాల గుత్తి అడిగి తెచ్చింది. బావిలో బిందె పడితే తాడుకు కట్టి దేవులాడే కొక్కేల గుత్తి అది. అడిగినందుకు సాకు ఉండాలని, మంగళవారం పొద్దున మా ఇత్తడి బిందెను నిజంగానే బావిలో పడేసింది. తన పెళ్లినాటి బిందె. మునుగుతుంటే బుడబుడమని శబ్దం వచ్చింది, అవ్వ మొహం తిప్పుకుంది.

తమ్ముడు చెప్పిన మూల, మోటారు పైపు పక్కన, గాలం వేశాం. రెండోసారికే బరువు తగిలింది. ఇద్దరం లాగాం. ఏదో పట్టుకుని, పర్రున చిరిగి, గాలం తేలికై పైకొచ్చింది. కొక్కేనికి జానెడు గుడ్డ ముక్క వేలాడుతోంది. ఎర్రంచు, రెండు పసుపు పోగులు. అవ్వ దాన్ని గుప్పిట్లో నలిపి రవికెలో దోపుకుంది. ఇంకోసారి గాలం వేస్తే మూట చిరిగిపోయి లోపలిది బురదలో పడుతుంది. "ఇగ నువ్వే దిగాలె" అంది అవ్వ.

బుధవారం దిగాను. దిగాననడం కంటే ఆఖరి మెట్టు పట్టుకుని వేలాడాననడం నిజం. చీర గోచీ పెట్టుకున్నా తడిసి కాళ్లకు చుట్టుకుంది. నీళ్లు పాచిపట్టి పచ్చగా ఉన్నాయి, నడుము కింద నా ఒళ్లే నాకు కనబడలేదు. ఆ ఏళ్లలో బావుల్లో ఏమేం దొరికేవో అందరం విన్నవాళ్లమే. నా పాదానికి ఏదో తాకింది. ఎండుటాకో చేపపిల్లో అయి ఉంటుంది, నేను మాత్రం కెవ్వుమని మెట్టెక్కేశాను. చిన్నప్పుడు గట్టు మీది నుంచి దూకిన పిల్లనేనా అని నా మీద నాకే కోపమొచ్చింది. బట్టలుతుకుతున్న అవ్వ తలెత్తకుండా, నీ ఈడు ఆడోళ్లు మనుమలను ఎత్తుకుంటున్నరు, నువ్వు చేపపిల్లకు భయపడుతున్నవని దెప్పింది. ముప్పై ఏళ్లకు మనుమలెక్కడి నుంచి వస్తారే అని నేనూ అరిచాను. కోపంలో మళ్లీ దిగాను. ఈసారి మెట్టు వదిలాను.

కాళ్లు మరిచిపోలేదు. నేనే మరిచిపోయాను. రెండు గజాలు పోయేసరికి ఊపిరాడలేదు గానీ, మునగలేదు. మునగడం లేదని తెలిసి నీళ్లలోనే ఏడ్చాను.

గురువారం అడుక్కు పోవడానికి చూశాను. రెండు నిలువుల లోతు. ఒక నిలువు దిగేసరికి చెవుల్లో సూదులు గుచ్చినట్టయింది, కింద చీకటి చూసి పైకి తన్నుకొచ్చాను. మూడుసార్లు దిగాను, మూడుసార్లూ అంతే. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. నాయిన మగ్గం మీది నుంచి నన్నోసారి చూశాడు. అవ్వకు ఒంట్లో బాగాలేదంటే చూడ్డానికి వచ్చానని చెప్పి ఉన్నాం. ఒంట్లో బాగాలేని మనిషి రోజూ బట్టలుతకడానికి బావికి ఎట్లా పోతుందో ఆయన అడగలేదు.

శుక్రవారం కళ్లు మూసుకుని దిగాను. చూస్తేనే కదా భయం. పైపు పట్టుకుని చేతి మీద చెయ్యి వేసుకుంటూ పోతే వేళ్లకు బురద తగిలింది, తర్వాత గుడ్డ. లోపల ఏదో గట్టిగా, పొడుగ్గా ఉంది. రాయి కట్టిన తాడు మీద ముడి వేళ్లకు తగిలింది, చిన్నగా, నున్నగా, గింజలాగా. అది విప్పడం నా తరం కాదని రాయితో సహా లాగాను. ఊపిరి అయిపోతుండగా తల పైకి తేలింది.

గట్టు మీద ఇద్దరు పోలీసులు.

నేను మూటను ఎడమచేత్తో కడుపుకు అదుముకున్నాను, చీర కొంగు నీళ్ల కింద దాని మీదికి లాక్కున్నాను. పచ్చటి నీళ్లకు ఆ క్షణాన మొక్కాను. రాయి నన్ను కిందికి లాగుతోంది. అవ్వ చేతిలో తడిబట్ట అట్లాగే ఆగిపోయింది.

వాళ్లు మొహం కడుక్కోవడానికి వచ్చారు. పెద్దాయన మోటారు తొట్టి దగ్గరికి పోయాడు. చిన్నవాడు మెట్ల మీద కూర్చుని, ఏం చేస్తున్నారని అడిగాడు. బిందె పడ్డది సారూ అన్నాను. రొప్పకుండా అన్నాను. ఎన్నాళ్లైంది, ఎంత లోతు, ఈత ఎవరు నేర్పారు. అతను అడుగుతూనే ఉన్నాడు. అతను కూర్చున్నది సరిగ్గా నాయిన బీడీ కాల్చుకునే మెట్టు. మంగళవారం పడ్డది. రెండు నిలువులు. మా నాయిన నేర్పిండు. ఒక్కో మాటకూ కాళ్లు ఒక్కో తన్ను తన్నాయి. తొడలు మండిపోతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది.

"మాది సముద్రం పక్క ఊరమ్మా" అన్నాడతను. "చిన్నప్పుడు చెక్క మీద బోర్లా పడుకుని అలెక్కేసేవాళ్లం, ఒడ్డుదాకా అదే తెచ్చేసేది. ఇక్కడికొచ్చాక నీళ్లలో దిగింది లేదు." నీళ్లను చూస్తూ చొక్కా మొదటి గుండీ విప్పాడు. "ఉండండి, మీ బిందె నేను తీసిస్తాను."

రెండో గుండీ కూడా విప్పాడు. ఒక మునక చాలు, అతని చెయ్యి నా కడుపుకు తగలడానికి.

"ఆడపిల్ల తడిబట్టల మీద ఉన్నది బిడ్డా" అంది అవ్వ మెల్లగా. "నువ్వు గా నీళ్లల్లనే దిగుతవా?"

అతని మొహం ఎర్రబడింది. గబగబా గుండీలు పెట్టుకుని, తప్పైంది అన్నట్టు చెయ్యెత్తి లేచాడు. పెద్దాయన పిలిచాడు. ఇద్దరూ చెలకల్లో పడి బడి వైపు పోయారు. నాకు అతని మీద జాలి కూడా కలిగింది, ఆ సంగతి అవ్వకు చెప్పలేదు. వాళ్లు కనుమరుగయ్యేదాకా నేను కాళ్లాడిస్తూనే ఉన్నాను, ఆపడం ఎట్లాగో తెలియలేదు. అవ్వే మెట్ల మీదికి వంగి జుట్టు పట్టుకుని లాగింది.

బిందె అక్కడే ఉండిపోయింది. ఆదివారం పూడిక తీసిన కూలీలు దాన్ని తెచ్చిచ్చి, మీ బిడ్డ నాలుగు రోజులు మునిగి తియ్యలేంది మేము ఒక్కపూటల తీసినమని ఎగతాళి చేశారు. అవ్వ నవ్వి వాళ్లకు చాయ్ పోసింది.

కానీ ఆ శుక్రవారం, తడిబట్టల కింద మూట పెట్టిన గంపతో అవ్వ ముందు, నేను వెనక, ఇంట్లో అడుగుపెట్టాం. నా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. అయిపోయింది, తమ్ముడు బతికాడు, నాయినకు ఏమీ తెలియకుండా గండం గడిచింది అనుకుంటున్నాను. నాయిన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తున్నాడు. నా తడి జుట్టు చూశాడు, అవ్వ నెత్తి మీది గంప చూశాడు. మగ్గం ఆపాడు.

"ముడి ఊడిందా బిడ్డా?" అన్నాడు.

వేళ్లకు తగిలిన ఆ గింజంత ముడి గుర్తొచ్చింది. తమ్ముడికి జన్మలో రాని ముడి. వాడు మోసింది మాత్రమే, కట్టింది ఈ చేతులు. నాలుగు రోజులుగా నేను ఎవరి కోసం భయపడాలో కూడా తెలియకుండా భయపడ్డాను. కాళ్ల కింద నేల ఉన్నా మునిగిపోతున్నట్టే అయింది.

ఆయన నా మొహమే చూస్తున్నాడు, జవాబు కోసం.

"ఊడలే నాయినా" అన్నాను, రొప్పకుండా.