స్పీసీస్ క్లాసు

ఆ రోజుల్లో మా ఉప్పల్ కాలనీలో బైపీసీ చదివే పిల్లవాడికి జలుబు చేస్తే "డాక్టరుగారికి జలుబట" అనేవారు. నేను అలాంటి డాక్టరుగారినే. అబద్ధమాడే ధైర్యం నాకెప్పుడూ లేదు గానీ, నిజంలో సగం చెప్పి మిగతా సగం మింగెయ్యడంలో మంచి నేర్పుండేది. నాన్న దానికి పూర్తిగా వ్యతిరేకం. గోదావరి వైపు నుంచి వచ్చి నాచారంలో ఒక ఫ్యాక్టరీలో గుమాస్తాగా కుదిరిన మనిషి. నాకు ఐదేళ్లు నిండిన మర్నాడే, కండక్టరు అడక్కపోయినా, బస్సులో నాకు అర టికెట్టు తీసుకున్నాడు.

ఆదివారాలు నేను నాచారంలో, చర్చిలో పియానో వాయించే ఒక మాస్టారి ఇంటికి వెళ్లేవాణ్ని. ఆయన ఒక స్వరాల వరస ఇచ్చి, దానికి తోడుగా నడిచే రెండో వరస రాయమనేవారు. ఆ విద్యలో ఐదు మెట్లు. ఒక్కో మెట్టునీ స్పీసీస్ అంటారు. (ఎందుకంటారో మాస్టారికీ తెలియదు.) ఎక్కడికిరా అని నాన్న అడిగితే "స్పీసీస్ క్లాసుకి" అన్నాను. జువాలజీ కాబోలనుకుని నాన్న మురిసిపోయి కాలనీ అంతా చెప్పుకున్నాడు. నేను దిద్దలేదు.

ఒక ఆదివారం మాస్టారు నా పుస్తకం మీద ఎర్ర సిరాతో విరుచుకుపడ్డారు. "మళ్ల గదే తప్పు! స-ప జంట ఎనకనే రి-ద జంట పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలె?"

"వినడానికి బాగుంది కదండీ."

"మంచిగనే ఉంటది. గందుకే వద్దు. పైనోడు ఎక్కితే కిందోడు దిగాలె. ఇద్దరు ఒక్కతీరుగ నడిస్తే ఒక్కడే నడిసినట్టుంటది."

బాగుండటం కూడా నేరమేనా అని నేను నోరు తెరుచుకుని చూస్తుండగా, గుమ్మంలో పూతరేకుల డబ్బాతో నాన్న! కృతజ్ఞతలు చెప్పుకుందామని, చెప్పాపెట్టకుండా వచ్చేశాడు. తెరిచిన నోరు మళ్లీ మూతపడలేదు.

"మావాడు స్పీసీసుల్లో ఎంతవరకొచ్చాడండీ మాస్టారూ?"

"మొదటిదాన్లనే ఆగిండు సార్. ఇంక నాలుగున్నయి."

నాన్న నిర్ఘాంతపోయాడు. "మొత్తం ఐదేనా? లక్షల్లో ఉంటాయనుకున్నానే!"

"ఐదే సార్. మస్తు కష్టం గని."

"మరి మెడికల్ సీటు వస్తుందంటారా?"

ఈసారి నిర్ఘాంతపోవడం మాస్టారి వంతయింది. "మెడికలేంది సార్?"

నాన్న పియానో వైపు చూశాడు, ఎర్ర సిరా పుస్తకం వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు. పాఠాలకి ఈ రోజుతో సరి అనుకున్నాను. "వాయించు" అన్నాడు. ఆ జంటలు ఒకదాని వెనక ఒకటి రాకుండా అక్కడికక్కడే తప్పించుకుంటూ వాయించాను. "అరె, ఒక్క తప్పు లేదు!" అని మాస్టారు కుర్చీలోంచి లేచారు. నాకంటే ఆయనే ఎక్కువ అదిరిపోయినట్టున్నారు. నాన్న మాత్రం డబ్బా బల్ల మీద పెట్టాడు.

ఉప్పల్ దాకా స్కూటరు మీద నాన్న వీపు చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో అడుగు పెట్టగానే అమ్మ అడిగింది. "ఎలా చదువుతున్నాడటండీ?"

నేను గుమ్మం పట్టుకున్నాను. నాన్న వంగి, బూటు లేసులు విప్పుకుంటూ అన్నాడు. "స్పీసీసులు చాలా కష్టమట. ఆదివారం క్లాసు మానకూడదన్నారు."

ఆ అర టికెట్టు మనిషి! పిడుగు పడినా నేనంత బిత్తరపోయేవాణ్ని కాదు. పెరట్లోకి పోయి ఏడ్చాను.

సీటు రాలేదు. నాన్న ఒక్క మాట అనలేదు. నాచారంలోనే పిల్లలకి ఆ పాఠాలే చెప్పుకుంటూ స్థిరపడ్డాను. కనబడినప్పుడల్లా నాన్న "ఎన్నోది నడుస్తోందిరా?" అని మెల్లిగా అడిగేవాడు. "ఐదోది నాన్నా" అనేవాణ్ని. "తొందరేం లేదులే" అని నవ్వేవాడు. నిజానికి ఐదూ ఎప్పుడో పూర్తయ్యాయి. ఆ సగం మాత్రం చివరిదాకా మింగేశాను, చెబితే మళ్లీ అడగడేమోనని.